మూడు వేల ఫైలు, రసీదు వెనుక రాసిన పేరు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, మూడో అంతస్తులో ఉన్న ఒక కోర్సుల సలహా కేంద్రం నుంచి నెల రోజుల్లో నాకు నాలుగుసార్లు ఫోను వచ్చింది. "మేడమ్, మా సేవ నచ్చితే ఐదు నక్షత్రాలు ఇచ్చి నాలుగు మాటలు రాయండి" అని. నాలుగు మాటలతో అయ్యే పని కాదు కనుక తీరిక చూసుకుని ఇప్పుడు రాస్తున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. ఇలాంటివి ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఒకదాని పేరు రాస్తే జనాన్ని పక్కదానికి తోలినట్టవుతుంది, పక్కది ఎలాంటిదో నాకేం తెలుసు?

నేను పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. పాలకొండ రోడ్డులో మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, పక్క గదిలో ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడు. 2003లో బి.కాం. పూర్తయి ఖాళీగా ఉన్న రోజుల్లో మా చిన్నాన్న స్టూడియోలో కాలక్షేపానికి కూర్చున్నాను, ఇక లేవలేదు. అప్పట్లో రెండు వి.సి.ఆర్.లు, వాటి మధ్య ఒక మిక్సర్. పెళ్లికూతురి ముఖం పువ్వులా విచ్చుకోవాలి, ఆ పువ్వు గిరగిరా తిరుగుతూ వెళ్లి పెళ్లికొడుకు మీద వాలాలి. అది చేయగలిగినవారే మొనగాళ్లు. తరువాత కంప్యూటర్‌లో ఎడిటింగ్ చేసే ఎడియస్ సాఫ్ట్‌వేర్ వచ్చింది, డ్రోన్లు వచ్చాయి, పువ్వులు పోయాయి. సినిమా చదువు నేను చదవలేదు. చదివి వచ్చామని నా దగ్గర పని అడిగిన పిల్లలను మాత్రం చూశాను. ఒకబ్బాయికి మూడేళ్ల డిగ్రీ ఉంది, రెండు కెమెరాల శబ్దం ఒకదానితో ఒకటి కలపమంటే దిక్కులు చూశాడు. అందుకే మా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తూనే "అత్తా, నేను సినిమా, మీడియా ప్రొడక్షన్ కోర్సు చదువుతాను" అన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ కంగారుపడింది నేనే.

అన్నయ్యకు ఆమదాలవలసలో ఎరువుల దుకాణం. యూరియా బస్తా గురించి అడిగితే గంట మాట్లాడతాడు, ఈ విషయంలో మాత్రం "మీ అత్తను అడుగు" అని చేతులు దులుపుకున్నాడు. వదిన బాధ వేరు. "రెండేళ్లు ఎం.పి.సి. చదివించాము, ఆ భౌతికశాస్త్రం అంతా నాగావళిలో కలపడానికా?" అంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పిల్ల వట్టి మోజుతో అడగలేదని నాకు తెలుసు. నిరుడు దసరా సెలవుల్లో పొందూరు వెళ్లి, ఒక పెద్దావిడ దూది శుభ్రం చేస్తుంటే ఫోనుతో ఆరు నిమిషాల చిత్రం తీసింది. పొందూరు ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకు సన్నని పళ్లుంటాయి, వాటి మధ్య దూది నలిగేటప్పుడు వచ్చే సరసర శబ్దం కోసమే ఈ పిల్ల రెండు రోజులు వెళ్లింది. చిత్రంలో మాటలు లేవు, పాట లేదు. ఆ ఎముక, ఆ వేళ్లు, ఆ శబ్దం అంతే. నేనైతే మొదటి నిమిషంలోనే సన్నాయి పెట్టేదాన్ని.

ఇక కేంద్రం సంగతి. రుసుము 3,000 రూపాయలు, మూడుసార్లు కూర్చోబెడతారు. మొదటిసారి 120 ప్రశ్నల పరీక్ష పెట్టారు. "మీకు రంగులు ఇష్టమా, అంకెలు ఇష్టమా" తరహా ప్రశ్నలు. ఫలితం రంగురంగుల చక్రంలా వచ్చింది, అందులో 'సృజనాత్మకత' అన్న ముక్క పెద్దదిగా ఉంది. సినిమా కోర్సు కావాలని వచ్చిన పిల్లకు సృజన ఉందని తేల్చడానికి ఓ పూట పట్టింది. రెండోసారి సలహాదారు మాట్లాడారు. టై కట్టుకున్న మర్యాదస్తుడు. 'పరిశ్రమ', 'అవకాశాలు', 'ఓటీటీ' అన్న మూడు మాటలను మార్చి మార్చి వాడుతూ నలభై నిమిషాలు నడిపారు. మూడోసారి 22 పేజీల ఫైలు చేతికిచ్చారు, మంచి కాగితం, పైన అమ్మాయి పేరు బంగారు రంగులో. ఆ మూడుసార్లలో ఒక్కసారి కూడా "అమ్మా, నువ్వు తీసినదేమైనా ఉంటే చూపించు" అని ఎవరూ అడగలేదు. దర్జీ కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టి ఇచ్చినట్టు.

ఫైలులో మూడు సిఫారసులు ఉన్నాయి. ముందు మూడోది చెబుతాను, అది చదివినప్పుడే నాకు మొదటి అనుమానం వచ్చింది. 'ఇంటర్ తరువాత చేరదగిన సంస్థలు' అన్న శీర్షిక కింద పుణె ఫిలిం అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, దేశంలో ఈ చదువుకు పెద్ద పేరు. అలాంటిదే మరొకటి కోల్‌కతాలో, సత్యజిత్ రాయ్ పేరిట, 1995లో ఏర్పడింది. అయితే ఈ రెండింటిలోనూ దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దం లాంటి ప్రధానమైన మూడేళ్ల కోర్సులు డిగ్రీ పూర్తిచేసినవారికే. ఇంటర్ పిల్లకు ప్రవేశ పరీక్ష రాసే అర్హతే లేదు. ఆ సంగతి చెబితే సలహాదారు ఫైలు వెనక్కి తీసుకుని "ఇది భవిష్యత్తు కోసం పెట్టాము మేడమ్" అన్నారు. శీర్షిక మాత్రం మార్చలేదు.

ఫైలులో లేనిది ఇంకా బాధ పెట్టింది. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఫోటోగ్రఫీలో నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. (లలిత కళల డిగ్రీ) ఉంది, దానికి విడిగా ప్రవేశ పరీక్ష పెడతారు. ఇంటర్ తరువాత ఈ దారిలో వెళ్లాలనుకునే తెలుగు పిల్లలకు మొదట చెప్పవలసిన పేర్లలో అదొకటి. 22 పేజీల్లో దానికి ఒక్క పంక్తి కూడా దొరకలేదు. నేను తెలుసుకునేసరికి దరఖాస్తు గడువు దాటింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఫైలులో ఎందుకు లేవో హైదరాబాద్ వెళ్లాక అర్థమైంది.

రెండో సిఫారసును తొందరగా ముగిస్తాను. కోస్తాలోనే మరో ఊళ్లో, వ్యాపార సముదాయం పైన ఒక 'స్టడీ సెంటర్'. పట్టా మాత్రం వేరే రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇస్తుందట. రాష్ట్ర చట్టంతో ఏర్పడిన ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఊరూరా కళాశాలలను అనుబంధం చేసుకోవడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. "మీకు అనుమతి పత్రం ఉందా?" అని అడిగాను. గోడ మీద అద్దాల చట్రంలో ఉన్న ఒప్పంద పత్రాన్ని చూపించారు. అది ఇద్దరు వ్యాపారులు చేసుకున్న కాగితం, యూజీసీది కాదు. టీ ఇచ్చారు, బాగుంది.

మొదటి సిఫారసు, ఫైలులో ఆరు పేజీలు పట్టినది, హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం. ఫిలిం అండ్ మీడియా ప్రొడక్షన్‌లో మూడేళ్ల బి.ఏ. ఏడాదికి 3,40,000 రూపాయలు, హాస్టల్‌కు 1,20,000. మూడేళ్లకు 13,80,000. అన్నయ్య ఆ అంకె చూసి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఏప్రిల్ నెలాఖరులో నేనూ, పిల్లా, అన్నయ్యా ఆమదాలవలసలో రైలెక్కాము. శ్రీకాకుళం రోడ్డు అని పేరున్న స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, అన్నయ్య దుకాణం ఉన్న ఊళ్లోనే ఉంటుంది. ఆయన జీవితంలో ఆ స్టేషన్ వల్ల కలిగిన ఏకైక లాభం ఆ రోజు ఇంటి నుంచి నడిచి వెళ్లడం.

ఆవరణ అద్భుతం. పచ్చిక, ఫౌంటెన్, గాజు గోడల భవనం. ప్రవేశాల విభాగం కుర్రాడు మమ్మల్ని బ్యాటరీ బండిలో తిప్పాడు. చిన్న థియేటర్‌లో విద్యార్థులు తీసిన చిత్రం వేశాడు. ఆసుపత్రి వరండాలో ఒక తండ్రి నడిచే దృశ్యం. నటన ఫరవాలేదు. అయితే గోడ మీద నల్లని పట్టీలు మెల్లగా పైకి పాకుతున్నాయి. మా వృత్తిలో ఇది మొదటి నెలలో తిట్లు తిని నేర్చుకునే పాఠం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, పాతరకం ట్యూబులైటు సెకనుకు వందసార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంది. కెమెరా షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెడితే బొమ్మ నిలకడగా వస్తుంది. 60వ వంతు దగ్గర వదిలేస్తే పట్టీలు పాకుతాయి. 60 ఆవృత్తాల కరెంటున్న అమెరికా సర్దుబాటుతో వచ్చిన కెమెరాను డబ్బాలోంచి తీసి అలాగే వాడేసినవాళ్లకు ఇది తప్పదు. చివరి సంవత్సరం చిత్రమట. "ఆ పట్టీలేమిటి బాబూ?" అని అడిగాను. "అది ఎఫెక్ట్, మేడమ్. ఆ తండ్రి మనసులోని అలజడి" అన్నాడు. మా మేనకోడలు నా చెయ్యి గిల్లింది.

తరువాత పరికరాల గది. కరపత్రంలో పన్నెండు కెమెరాల బొమ్మలున్నాయి. అలమరాలోనూ పన్నెండు సంచులున్నాయి, అబద్ధం కాదు. కుర్రాడికి ఫోను వచ్చి బయటికి వెళ్లాడు. స్టోరు చూసుకునే పెద్దాయనను "బాబాయిగారూ, పిల్లలకు ఇచ్చే పుస్తకం ఏదీ?" అని అడిగాను. ఆయన సొరుగులోంచి తీసి ఇచ్చారు. పొడవాటి రిజిస్టర్, తారీఖు, పేరు, పరికరం, ఇచ్చిన వేళ, తెచ్చిన వేళ, సంతకం. నేను చదివిన మొత్తం కరపత్రాల కంటే ఆ రెండు పేజీల్లో ఎక్కువ విషయం ఉంది. ఆఖరి పద్దు మూడు వారాల కిందటిది. నెలంతా కలిపి మూడు కెమెరాల నంబర్లే మళ్లీ మళ్లీ కనిపించాయి. "మిగతావి?" అన్నాను. "పెద్ద కార్యక్రమాలకు తీస్తారమ్మా. పిల్లలకిస్తే పాడుచేస్తారని" అన్నారు. ఒక సంచిని వేలితో తాకితే వేలి గుర్తు పడింది.

తిరుగు ప్రయాణంలో పై బెర్తు మీద కూర్చుని పాఠ్య ప్రణాళిక ముందు పెట్టుకుని లెక్క వేశాను. బి.కాం. చదువు ఎక్కడో ఒకచోట పనికి రావాలి కదా. ఇప్పటి నిబంధనల ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. పాఠానికి ఒక క్రెడిట్ అంటే 15 గంటలు, ప్రయోగశాలకు ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. వాళ్ల కెమెరా పేపరులో ప్రయోగానికి ఇచ్చింది రెండు క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 60 గంటలు. బయటికి వచ్చే కెమెరాలు మూడు, కనుక మొత్తం 180 కెమెరా గంటలు. తరగతిలో పిల్లలు 40 మంది. ఒక్కొక్కరి చేతికి కెమెరా వచ్చేది సెమిస్టర్ మొత్తానికి నాలుగున్నర గంటలు. స్నాతకం నుంచి అప్పగింతల వరకు ఒక్క పెళ్లిలో నా కుర్రాడు అంతకంటే ఎక్కువసేపు కెమెరా మోస్తాడు, వాడికి నేను ఎదురు డబ్బిస్తాను. మంచి మిర్రర్‌లెస్ కెమెరా, లెన్సుతో కలిపి, నేను రోజుకు 2,000 రూపాయలకు అద్దెకు తెస్తాను. ఆ ఏటి ఫీజు ఒక్కటీ అద్దె కింద పెడితే 170 రోజులు కెమెరా పిల్ల చేతిలోనే ఉంటుంది. ఇది న్యాయమైన పోలిక కాదని నాకూ తెలుసు, కళాశాలంటే కెమెరా ఒక్కటే కాదు. అయినా అన్నయ్యకు అర్థమైన మొదటి లెక్క అదే. "బస్తా మీద యాభై కిలోలని రాసి నాలుగున్నర కిలోలు తూచినట్టు" అన్నాడు.

ఆ విశ్వవిద్యాలయం దరఖాస్తులో ఒక గడి ముందే నింపి ఉంది, 'రిఫరెన్స్ కోడ్' అని. ఏమిటిదని ఆ కుర్రాడినే అడిగాను. పాపం, కల్మషం లేనివాడు. "అది మీ కన్సల్టెన్సీకి వెళ్లే వాటా కోసం మేడమ్" అన్నాడు. వాటా గురించి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. మా వృత్తిలోనూ కల్యాణ మండపంవారు ఫోటోగ్రాఫర్‌ను సూచించి అతని దగ్గర కొంత తీసుకుంటారు. అయితే వారు పెళ్లివారి దగ్గర సలహా రుసుము వసూలు చేసి, బంగారు అక్షరాల ఫైలు ఇవ్వరు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు వాటాలు పంచవు, కనుక ఫైలులోకి రాలేదు.

కేంద్రానికి దక్కవలసింది దక్కాలి. విద్యా రుణం గురించి వాళ్లు చెప్పినది సరిగ్గా ఉంది, తరువాత బ్యాంకులో నేను విడిగా అడిగి సరిచూసుకున్నాను. మామూలు పథకంలో 4 లక్షల వరకు మన వాటా కలపమని అడగరు, 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు, దాటితే అడుగుతారు. చదువు కాలంతో పాటు ఆ తరువాత మరో ఏడాది కంతులు మొదలుకావు, వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న నాటి నుంచే పెరుగుతూ ఉంటుంది. ఈ చివరి ముక్కను కొందరు మింగేస్తారు, వీళ్లు చెప్పారు. కాగితాల జాబితా కూడా పక్కాగా ఇచ్చారు. దానివల్ల మీసేవ చుట్టూ ఒక తిరుగుడు తప్పింది.

ఇక రసీదు సంగతి. మూడోసారి బయటికి వస్తుంటే ముందు గదిలో డబ్బు తీసుకునే అమ్మాయి నన్ను ఆపి, రసీదులో తప్పుందని వెనక్కి తీసుకుంది. కిందకు దిగాక చూస్తే తప్పేమీ దిద్దలేదు, వెనుక పెన్సిల్‌తో విశాఖలోని ఒక కళాశాల పేరు, దాని కింద 'ఒకసారి చూడండి' అని రాసి ఉంది. ఇది ఇక్కడ బయటపెట్టవచ్చా అని చాలా ఆలోచించాను. మే నెలలో ఆమె ఆ కేంద్రం మానేసి వేరే ఊరికి వెళ్లిపోయింది, తనే ఫోనులో "ఇప్పుడు రాసుకోండి అక్కా" అని నవ్వింది. తన స్నేహితురాలు అక్కడ చదివిందట.

విశాఖకు బస్సులో రెండున్నర గంటలు. ఫౌంటెన్ లేదు. పాత భవనం, మెట్ల మీద సున్నం రాలుతోంది. విజువల్ కమ్యూనికేషన్‌లో మూడేళ్ల డిగ్రీ, ఏడాదికి 68,000. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం సొంత జాబితాలో కళాశాల పేరు, కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో ముందే చూసుకుని వెళ్లాను. అలా చూసుకోకుండా ఎవరూ బస్సు ఎక్కవద్దు. తరగతికి 18 మంది. కెమెరాలు రెండే, పాతవి, ఒకదాని పట్టు దగ్గర రబ్బరు ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టారు. దాన్ని చూసి నాకు నమ్మకం కలిగింది. వాడని వస్తువుకు రబ్బరు ఊడదు. రిజిస్టర్ అడిగితే మూడో పుస్తకం నడుస్తోంది. ముందురోజు రాత్రి ఏడున్నరకు ఎవరో తిరిగి తెచ్చి ఇచ్చిన సంతకం ఉంది, పక్కన ఎర్ర సిరాతో 'బ్యాటరీ చార్జ్ చేయకుండా తెచ్చారు, 20 రూపాయలు' అని జరిమానా. ఇక్కడా అదే లెక్క వేశాను. రెండు కెమెరాలు, 90 గంటల ప్రయోగం, 18 మంది. తలకు పది గంటలు, సెలవు రోజుల్లో ఇంటికి ఇచ్చేది కాక.

అక్కడ ప్రయోగశాల చూసుకునే ఒక మాస్టారున్నారు, నా వయసే ఉంటుంది. హైదరాబాద్‌లో విభాగాధిపతి మా పిల్ల ఫోను అందుకుని, పొందూరు చిత్రం నలభై సెకన్లు చూసి, "చాలా బాగుంది, మంచి భవిష్యత్తు" అని తిరిగి ఇచ్చేశారు. ఈయన ఫోనులో చూడనన్నారు. కంప్యూటర్‌లోకి ఎక్కించి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆరు నిమిషాలూ కదలకుండా చూశారు. వెనక్కి జరిపి రెండో నిమిషం దగ్గర మళ్లీ విన్నారు.

"ఇక్కడి నుంచి రెండో రోజు తీశావు కదమ్మా?"

పిల్ల తెల్లబోయింది. "అవును సార్. ఎలా తెలిసింది?"

"బొమ్మలో తెలియలేదు. వెలుగు బాగా కలిపావు. గది మారలేదు కానీ గది చప్పుడు మారింది. మొదటి రోజు వీధిలో ఏదో మోటారు నడుస్తోంది, రెండో రోజు లేదు. విను."

హెడ్‌ఫోన్లు పిల్లకు ఇచ్చారు, తరువాత నాకిచ్చారు. నిజమే. ఎముక సరసరల వెనుక సన్నగా ఒక గుయ్‌మనే శబ్దం ఉంది, ఒక కట్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఈ చిత్రాన్ని నేను పదిసార్లు చూసి ఉంటాను. ఇరవై రెండేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను, వినలేదు. పెళ్లి వీడియోలో ఇలాంటి అతుకు కనిపించినా పైన పాట పోసేస్తాము, చెవి ఆ పని మరిచిపోయింది. "పని అయిపోయాక అందరినీ కదలవద్దని చెప్పి, ఆ గదిని ఊరికే ఒక అర నిమిషం రికార్డు చేసుకోవాలి. ఆ నిశ్శబ్దమే అతుకుల కింద పరచాలి. ఫ్యాను వేసి ఉంటే ఇంకా కష్టమయ్యేది, వేయకపోవడం మంచిదైంది" అన్నారు.

"ఆ గదిలో ఫ్యాను వేయరు సార్, దూది ఎగిరిపోతుంది" అంది మా పిల్ల. ఆయన పగలబడి నవ్వారు.

తరువాత ఆయనే అడిగారు, ఇంటర్‌లో ఏ గ్రూపు అని. ఎం.పి.సి. అనగానే, డిగ్రీ అయ్యాక శబ్దం వైపు పుణె పరీక్షకు వెళ్లమన్నారు. దర్శకత్వం, ఎడిటింగ్ లాంటి కోర్సులకు ఏ డిగ్రీ అయినా చాలు, శబ్దం కోర్సుకు మాత్రం ఇంటర్ స్థాయిలో భౌతికశాస్త్రం చదివి ఉండాలి. ఆ రాత్రి వదినకు ఫోనులో ఈ మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే నాగావళిలో కలవలేదన్నమాట" అంది.

లోపాలు లేవని కాదు. శబ్దం రికార్డు చేసే గది పేరుకే ఉంది. గోడలకు పాత దుప్పట్లు కొట్టారు, లారీ వెళితే కిటికీ గజగజలాడుతుంది. పాఠ్య ప్రణాళికలో ఇంకా టేపుల అధ్యాయం ఉంది. నేను టేపుల మీద బతికినదాన్ని, నాకు ముచ్చటేసింది, పిల్లకు మాత్రం అది దండగ. హాస్టల్ దూరం, రెండు ఆటోలు మారాలి. ఉద్యోగాల గురించి అడిగితే మాస్టారు కళాశాల గొప్పలు చెప్పలేదు. "కొందరు వార్తా చానెళ్లకు, కొందరు పెళ్లిళ్లకు, ఇద్దరు ముగ్గురు సినిమాలకు, కొందరు బ్యాంకు పరీక్షలకు" అన్నారు. ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ వాడుతున్నారు. దాని ఉచిత రూపమే ఈ స్థాయికి సరిపోతుంది, ఇంట్లో కంప్యూటర్‌లోనూ వేసుకోవచ్చు. హైదరాబాద్ కరపత్రం నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ల పేర్లతో ఒక పేజీ నింపింది, అది లేకపోవడం లోటేమీ కాదు.

అక్కడే చేర్పించాము. మూడేళ్ల ఫీజు 2,04,000. బ్యాంకుకు వెళ్లలేదు. మిగిలిన దానిలోంచి మొదటి నెలలోనే చేతిలో ఇమిడే ఒక రికార్డరు, ఒక హెడ్‌ఫోన్ కొనిచ్చాను. ఆమె అప్పటి నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా నా గదిలో ఏసీ ఆపమంటోంది.

కేంద్రానికి వెళ్లాలనుకునేవారి కోసం. నేనిచ్చేది రెండు నక్షత్రాలు. ఒకటి రుణం గురించి, కాగితాల జాబితా గురించి. ఇంకొకటి ముందు గదిలోని అమ్మాయిది. ఆమె వెళ్లిపోయింది కనుక ఆ లెక్క మీరే చూసుకోవాలి. 120 ప్రశ్నల పరీక్ష వద్దంటే 500 తగ్గిస్తారు, అడగనిదే చెప్పరు. ఆదివారం మధ్యాహ్నం తరువాత ఉండరు. కింద బండి పెట్టుకోవడానికి చోటు లేదు, పక్కన మందుల దుకాణం ముందు పెడితే ఆయన అరుస్తాడు. లిఫ్టు పనిచేయడం లేదు, మూడు అంతస్తులు ఎక్కాలి.